కలిమి కొలది చందా – అవసరం కొలది వైద్యం

పాఠం ఉద్దేశం

జబ్బు చేసినప్పుడు అయ్యే ఖర్చును ఒక దేశ ప్రజలందరూ కలిసి ఎట్లు పంచుకోగలరో జపాను దేశపు ఆరోగ్య బీమా విధానం ఆధారంగా వివరించడం, ఆ వెలుగులో మన దేశంలోని ఏర్పాట్లను పరిశీలింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలు అంటారు. జబ్బు రాకడ కూడా అట్టిదే. నిన్నటిదాకా నాగలి పట్టి దుక్కి దున్నిన రైతు నేడు గుండెనొప్పితో కూలబడవచ్చు. ఆడుతూ పాడుతూ బడికి వెళ్ళిన పసివాడు సాయంకాలానికి జ్వరంతో మూలగవచ్చు. జబ్బు చెప్పి రాదు; వచ్చినప్పుడు ఒంటరిగా రాదు. పనికి పోలేక సంపాదన ఆగిపోవడం దాని వెంట వచ్చే మొదటి కష్టం. మందులకు, ఆసుపత్రికి ఖర్చు పెరగడం రెండవ కష్టం. రాబడి తగ్గిన రోజుననే వ్యయం పెరగడం జబ్బులోని క్రూరత్వం. అందువలననే ఎన్నో కుటుంబాలలో రోగి కోలుకున్నా ఇల్లు కోలుకోదు. మొదట పుస్తెలతాడు తాకట్టుకు వెళుతుంది. తరువాత ఎకరం పొలం అమ్మకానికి వస్తుంది. ఆపైన పిల్లల చదువు ఆగిపోతుంది.

అయితే ఇందులో ఒక విశేషం ఉంది. ఏ వ్యక్తికి ఎప్పుడు జబ్బు చేస్తుందో ఎవరూ చెప్పలేరు. కాని లక్షమంది నివసించే పట్టణంలో ఒక ఏడాది కాలంలో ఎందరికి శస్త్రచికిత్స అవసరమవుతుందో, ఎందరు స్త్రీలు ప్రసవిస్తారో, ఎందరికి ఎముకలు విరుగుతాయో గత అనుభవాన్ని బట్టి ఇంచుమించుగా లెక్క కట్టవచ్చు. ఒక్కరి విషయంలో అనూహ్యమైనది లక్షమంది విషయంలో లెక్కకు అందుతుంది. ఈ సత్యమే బీమాకు పునాది. అందరూ కొద్దికొద్దిగా ముందే చెల్లించి ఒక నిధిని ఏర్పరచుకుంటే, జబ్బుపడిన కొద్దిమంది ఖర్చును ఆ నిధి భరిస్తుంది. ఇట్లు చెల్లించే సొమ్మును చందా లేదా ప్రీమియం అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. చేరడం చేరకపోవడం ఎవరి ఇష్టానికి వారిని విడిచిపెడితే ఆరోగ్యవంతులు 'మనకెందుకులే' అని దూరంగా ఉంటారు. రోగులు మాత్రమే చేరతారు. అప్పుడు నిధి త్వరగా తరిగిపోతుంది. చందా పెంచవలసి వస్తుంది. పెరిగిన చందా కట్టలేక మరికొందరు తప్పుకుంటారు. చివరకు బీమా ఎవరికి అత్యవసరమో వారికే అందని పండు అవుతుంది. అందువలన బీమా నిజంగా సామాన్యుని కాపాడాలంటే అందులో అందరూ చేరాలి. కలవారు ఎక్కువగా, లేనివారు తక్కువగా చెల్లించాలి. వైద్యం మాత్రం అందరికీ ఒకే తీరున అందాలి. కలిమి కొలది చందా, అవసరం కొలది వైద్యం – జాతీయ ఆరోగ్య బీమాకు ఇది మూలసూత్రం. ఈ సూత్రాన్ని దీర్ఘకాలంగా ఆచరణలో పెట్టిన దేశాలలో జపాను ఒకటి.

బియ్యపు కొలతతో తొలి అడుగు

జపాను దేశపు దక్షిణ భాగాన ఉన్న క్యూషూ ద్వీపంలో ఫుకువోకా అనే రాష్ట్రం ఉంది. అందులోని మునకతా ప్రాంతపు పల్లెలలో పందొమ్మిదవ శతాబ్దం నుండి 'జోరెయ్' అనే ఆచారం ఉండేది. ఊరివారందరూ కలిసి ఒక వైద్యునితో ఒప్పందం చేసుకునేవారు. ఏటా ఇంటింటినుండి కొంత బియ్యం కొలిచి వైద్యునికి ఇచ్చేవారు. భూమి ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ కొలిచేవారు. పేదలు తక్కువ కొలిచేవారు. జబ్బు చేసినప్పుడు వైద్యుడు ఎంత కొలిచారన్నది చూడక అందరికీ మందు ఇచ్చేవాడు.

ఈ ఆచారం తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. మన పల్లెలలో పంట చేతికి వచ్చినప్పుడు కళ్ళం దగ్గరనే కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి మొదలైన వృత్తులవారికి రైతులు మేర కొలిచి ఇచ్చేవారు. ఏడాది పొడవునా ఆ వృత్తులవారి సేవ రైతులకు లభించేది. పని జరిగిన ప్రతిసారీ డబ్బు ఇవ్వనక్కరలేకుండా ముందుగానే ఊరంతా కలిసి ఏర్పాటు చేసుకోవడం ఈ రెండింటిలోని పోలిక. మునకతా రైతులు ఆ ఏర్పాటును వైద్యానికి అన్వయించుకున్నారు. జపాను ప్రభుత్వం 1930ల నడుమ గ్రామీణులకు బీమా కల్పించే మార్గాన్ని అన్వేషించినప్పుడు అధికారులు ఈ పల్లెల ఆచారాన్ని శ్రద్ధగా పరిశీలించారు.

చట్టాల పరిణామం

అంతకుముందే కార్మికుల కొరకు ఒక చట్టం వచ్చింది. ప్రపంచంలో మొదటిసారిగా 1883లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికులకు జబ్బు బీమా చట్టం చేసింది. యజమాని, కార్మికుడు ఇద్దరూ చందా చెల్లించే ఆ పద్ధతిని అనుసరించి జపాను 1922లో ఆరోగ్య బీమా చట్టాన్ని చేసింది. 1923లో వచ్చిన కాంతో మహాభూకంపం వలన దాని అమలు ఆలస్యమై, 1927లో పూర్తిగా ఆచరణలోకి వచ్చింది. అది కర్మాగారాలలో, గనులలో పనిచేసేవారికే పరిమితం. పొలాన్ని నమ్ముకున్నవారికి, చిన్న వ్యాపారులకు అందులో చోటు లేదు.

1938లో రైతులను, ఇతరులను దృష్టిలో ఉంచుకొని జాతీయ ఆరోగ్య బీమా చట్టం చేశారు. పల్లెల దారిద్ర్యాన్ని తగ్గించాలన్న తలంపుతో పాటు, యుద్ధానికి దృఢమైన యువకులు కావాలన్న పాలకుల స్వార్థం కూడా ఆ చట్టం వెనుక ఉన్నదన్నది చరిత్ర చెప్పే నిజం. యుద్ధంలో జపాను ఓడిపోయింది, నగరాలు బూడిదయ్యాయి, బీమా సంఘాలు కూడా చితికిపోయాయి. 1947లో జపాను పురుషుల సగటు ఆయుర్దాయం దాదాపు 50 ఏళ్ళు, స్త్రీలది దాదాపు 54 ఏళ్ళు మాత్రమే.

అదే 1947లో అమలులోకి వచ్చిన కొత్త రాజ్యాంగం తన 25వ అధికరణంలో ఆరోగ్యవంతమైన, సంస్కారవంతమైన కనీస జీవనం ప్రజలందరి హక్కు అని ప్రకటించింది. హక్కును కాగితంపై రాయడం సులభం. ఇంటి గడపదాకా చేర్చడం కష్టం. 1950ల నడుమ దాదాపు మూడుకోట్లమంది, అనగా జనాభాలో మూడవ వంతు, ఏ బీమా లేకుండా ఉన్నారు. వారిలో రైతులు, చిల్లర వర్తకులు, చిన్న చిన్న పనిశాలల ఉద్యోగులు ఎక్కువ. వీరందరినీ చేర్చుకోవడానికి 1958లో చట్టాన్ని తిరగరాశారు. ప్రతి పట్టణం, ప్రతి గ్రామం తన పరిధిలో బీమాను నడపక తప్పదని శాసించారు. 1961 ఏప్రిల్ నాటికి దేశమంతటా అది అమలులోకి వచ్చింది. అప్పటికి జపాను ధనికదేశం కాదు. సంపద వచ్చిన తరువాత ఆరోగ్యం సంగతి చూద్దామని అది వేచి ఉండలేదు.

మంచుపల్లె చూపిన మార్గం

అందరికీ బీమా వచ్చినంత మాత్రాన అందరికీ వైద్యం అందినట్లు కాదు. ఈ సత్యాన్ని ఒక చిన్న పల్లె లోకానికి తెలియజేసింది. ఉత్తర జపానులో ఇవాతె రాష్ట్రపు కొండల నడుమ సవౌచి అనే గ్రామం ఉండేది. శీతకాలంలో అక్కడ మనిషి ఎత్తును మించి మంచు పేరుకునేది. బాటలు మూసుకుపోయేవి. పేదరికం, రోగాలు, మంచు – ఈ మూడింటి చెరలో గ్రామం నలిగిపోయేది. 1957 ప్రాంతంలో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో దాదాపు డెబ్బైమంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు.

1957లో ఫుకజావా మసావో ఆ గ్రామానికి అధ్యక్షుడయ్యాడు. మొదట బుల్డోజరు తెప్పించి మంచును తొలగించి బాటలు తెరిపించాడు. ఆరోగ్య కార్యకర్తలను నియమించి ఇంటింటికీ పంపించాడు. వారు తల్లులకు శిశు పోషణలో మెలకువలు నేర్పారు. ఆనాడు గ్రామీణ బీమాలో రోగి ఖర్చులో సగం తానే భరించవలసి ఉండేది. ఆ సగం కూడా కట్టలేక వృద్ధులు 'ఇంటివారికి భారం కాకూడ'దని జబ్బును దాచుకునేవారు. దీనిని గమనించిన ఫుకజావా 1960 చివరలో 65 ఏళ్ళు దాటినవారి వాటాను గ్రామమే చెల్లించే ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడాది 60 ఏళ్ళు దాటినవారికి, ఏడాది లోపు శిశువులకు కూడా దానిని విస్తరింపజేశాడు.

రోగి తన వాటా తాను చెల్లించాలన్న బీమా చట్టానికి ఇది విరుద్ధమని పై అధికారులు అభ్యంతరం తెలిపారు. చట్టానికి విరుద్ధమైనా రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నది ఫుకజావా వాదం. ప్రజల ప్రాణాలను కాపాడడానికే రాజ్యాంగం ఉన్నదని ఆయన విశ్వాసం. 1962లో ఆ గ్రామంలో ఒక్క శిశువు కూడా మరణించలేదు. జపానులోని గ్రామాలలో, పట్టణాలలో అట్టి ఘనత సాధించిన మొదటి ఊరు అదే. 1965లో ఫుకజావా వేరొక ఊరి ఆసుపత్రిలో మరణించినప్పుడు, ఆయన పార్థివదేహం వచ్చే దారిలో గ్రామస్థులు మంచులో బారులు తీరి నిలిచారు. ఆయన తెరిపించిన బాట అది.

ఈ గ్రామం నేర్పిన పాఠం స్పష్టమైనది. బీమా అనేది ఖర్చును పంచుకునే పద్ధతి. దానికి వైద్యుడు, ఆరోగ్య కార్యకర్త, మంచి బాట, పేదవాని వాటాను భరించే హృదయం తోడైనప్పుడే అది ప్రాణాలను నిలుపుతుంది.

సామాన్యుడు, చికిత్సాలయం

నేడు జపానులో ఈ విధానం ఎట్లు నడుస్తుందో తెలుసుకోవడానికి ఒక సామాన్యుని ఊహించుకుందాం. అతడు ఒక చిన్న పట్టణంలో రొట్టెల దుకాణం నడుపుతాడు. వారం రోజులుగా దగ్గు, జ్వరం విడవడం లేదు. అతడు ఎవరి అనుమతి లేకుండానే తనకు నచ్చిన వైద్యుని దగ్గరకు వెళ్ళవచ్చు. ఆ వైద్యాలయం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా తేడా లేదు. ముందుగా బీమా ఉన్నట్లు ఆధారం చూపాలి. ఒకప్పుడు దీనికి ప్రత్యేకమైన బీమా కార్డు ఉండేది. 2024 డిసెంబరు 2 నుండి ఆ పాత కార్డుల జారీ నిలిపివేసి, దేశ పౌర గుర్తింపు కార్డుకే బీమాను జోడించారు. ఆ కార్డు లేనివారికి వేరే ధ్రువపత్రం ఇస్తున్నారు.

వైద్యుడు పరీక్షించి, ఛాతీకి ఎక్స్‌రే తీయించి, మందులు రాసి ఇచ్చాడు. మొత్తం ఖర్చు 6,000 యెన్‌లు అయిందనుకుందాం. ఒక యెన్ విలువ మన అర్ధరూపాయికి కొంచెం పైన ఉంటుంది. రోగి ఇందులో పదింట మూడువంతులు, అనగా 1,800 యెన్‌లు మాత్రమే చెల్లిస్తాడు. మిగిలిన 4,200 యెన్‌ల కొరకు రోగి ఎక్కడికీ తిరగనక్కరలేదు. వైద్యాలయం ఆ నెలలో చూసిన రోగులందరి లెక్కలను మరుసటి నెల 10వ తేదీలోగా ఒక పరిశీలన సంస్థకు పంపుతుంది. ఆ సంస్థ అనవసరమైన పరీక్షలు, తప్పుడు లెక్కలు ఉన్నవేమో చూసి, బీమా నిధి నుండి సొమ్ము ఇప్పిస్తుంది.

రోగి వాటా అందరికీ ఒకటి కాదు. బడి ఈడు రాని పిల్లలకు పదింట రెండువంతులు. 70 నుండి 74 ఏళ్ళవారికి సాధారణంగా రెండువంతులు. 75 ఏళ్ళు దాటినవారికి సాధారణంగా ఒకవంతు. వారిలో కొంత ఆదాయం ఉన్నవారు 2022 అక్టోబరు నుండి రెండువంతులు చెల్లిస్తున్నారు. వయసు మీరినా మంచి రాబడి ఉన్నవారు మూడువంతులు చెల్లించాలి. ప్రభుత్వ జీవనభృతిపై ఆధారపడిన నిరుపేదలకు వైద్యం ఉచితం.

నచ్చిన చోటికి వెళ్ళవచ్చునన్న స్వేచ్ఛకు ఒక చిన్న కట్టడి ఉంది. ప్రతి జలుబుకూ అందరూ పెద్ద ఆసుపత్రులకే పోతే, ప్రాణాపాయంలో ఉన్నవారికి అక్కడ చోటు దొరకదు. అందువలన మరొక వైద్యుని సిఫారసు లేఖ లేకుండా పెద్ద ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళేవారు 2022 అక్టోబరు నుండి కనీసం 7,000 యెన్‌లు అదనంగా చెల్లించాలి.

చందా చెల్లించే తీరు

జపానులో బీమా నిధి ఒక్కటే లేదు. పట్టణ, గ్రామ పాలక సంస్థల నిధులు, పెద్ద కంపెనీల ఉద్యోగుల సంఘాలు, చిన్న కంపెనీల ఉద్యోగులందరికీ కలిపి ఉన్న ఒక పెద్ద సంఘం, ప్రభుత్వోద్యోగుల సంఘాలు – ఇట్లు అన్నీ కలిసి మూడువేలకు పైగా ఉన్నాయి. ఎవరు ఏ నిధిలో చేరాలో వారి వృత్తి, వయసు, నివాసం నిర్ణయిస్తాయి. ఏ నిధిలో ఉన్నా లభించే వైద్యం మాత్రం ఒకటే.

చిన్న కంపెనీల ఉద్యోగి జీతంలో సుమారు పదిశాతం చందాగా వెళుతుంది. అందులో సగం ఉద్యోగి, సగం యజమాని భరిస్తారు. అతని మీద ఆధారపడిన భార్యాపిల్లలకు వేరే చందా లేకుండానే బీమా వర్తిస్తుంది. రొట్టెల దుకాణదారు వంటి స్వయంవృత్తులవారికి యజమాని ఉండడు కనుక, వారు నివసించే పట్టణపు నిధికి కుటుంబ ఆదాయాన్ని, సభ్యుల సంఖ్యను బట్టి చెల్లిస్తారు. ఆదాయం మరీ తక్కువైతే చందాలో కొంత భాగాన్ని ఆ ఆదాయ స్థాయిని బట్టి 70, 50 లేదా 20 శాతం తగ్గిస్తారు. ఈ నిధులకు ప్రభుత్వం పన్నుల సొమ్ము కూడా జోడిస్తుంది.

ముదిమి వలన జబ్బులు ఎక్కువ, రాబడి తక్కువ. 75 ఏళ్ళు దాటినవారికి 2008లో ప్రత్యేక నిధి ఏర్పడింది. దానికయ్యే ఖర్చులో ఇంచుమించు సగం పన్నుల నుండి, నాలుగు పదులవంతులు యువతరం చెల్లించే చందాల నుండి, ఒక పదోవంతు వృద్ధుల చందాల నుండి వస్తుంది. పెద్దలను పిల్లలు పోషించే ధర్మం ఇక్కడ ఇంటి గడప దాటి దేశమంతా విస్తరించిందన్నమాట.

వైద్యానికి ధర

బీమా ఎంత ఉన్నా వైద్యశాలలు తోచినంత ధర వేస్తే నిధి ఎన్నాళ్ళో నిలువదు. జపాను దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. ప్రతి పరీక్షకు, ప్రతి శస్త్రచికిత్సకు ఇన్ని 'పాయింట్లు' అని ఒక పట్టిక ఉంటుంది. ఒక పాయింటు విలువ పది యెన్‌లు. రాజధాని టోక్యోలోని పేరుమోసిన ఆసుపత్రికైనా, మారుమూల ద్వీపంలోని చిన్న వైద్యశాలకైనా పట్టిక ఒకటే. మందులకు కూడా ప్రభుత్వమే ధర నిర్ణయిస్తుంది. పట్టికలోని చికిత్సకు అంతకుమించి ఒక్క యెన్ కూడా రోగి నుండి వసూలు చేయకూడదు. లాభాన్ని వాటాదారులకు పంచే కంపెనీలు ఆసుపత్రులు స్థాపించడానికి సాధారణంగా అనుమతి లేదు.

ఈ పట్టికను రెండేళ్ళకొకసారి సవరిస్తారు. సవరణను చర్చించే మండలిలో 20 మంది సభ్యులు ఉంటారు. చందా చెల్లించేవారి పక్షాన ఏడుగురు, వైద్యుల పక్షాన ఏడుగురు, ప్రజాహితం కోరే తటస్థులు ఆరుగురు. వైద్యులు ధర పెంచమంటారు, చందాదారులు తగ్గించమంటారు, తటస్థులు త్రాసుముల్లు వలె నడుమ నిలుస్తారు. బేరం రోగి మంచం పక్కన కాక ఒక బల్ల చుట్టూ, రోగి తరఫున వాదించేవారి సమక్షంలో జరుగుతుంది. సామాన్యునికి ఈ విధానం చేసే మేళ్ళలో ఇది చాలా గొప్పది. నొప్పితో ఉన్నవాడు బేరమాడలేడు కదా!

పెద్ద జబ్బుకు పెద్ద గొడుగు

చిన్న జబ్బుకు మూడువంతులు భారం కాదు. పెద్ద జబ్బుకు మూడువంతులే కొండంత భారం. రొట్టెల దుకాణదారుకు కడుపులో పుండు ముదిరి శస్త్రచికిత్స చేయవలసి వచ్చిందనుకుందాం. ఆ నెల ఖర్చు 10 లక్షల యెన్‌లు అయింది. మూడువంతుల లెక్కన అతడు 3 లక్షలు కట్టాలి. ఇక్కడ 1973లో మొదలైన మరొక ఏర్పాటు ఆదుకుంటుంది. నెలకు రోగి చెల్లించే మొత్తానికి అతని ఆదాయాన్ని బట్టి ఒక పరిమితి ఉంటుంది. 2015 నుండి 2025 దాకా అమలులో ఉన్న లెక్క ప్రకారం మధ్యతరగతి ఆదాయం గల రోగి వాటా 87,430 యెన్‌ల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 9,12,570 యెన్‌లను బీమా నిధి భరిస్తుంది. పన్నెండు నెలల కాలంలో నాలుగవసారి కూడా ఆ పరిమితికి చేరుకుంటే, అప్పటి నుండి నెలకు 44,400 యెన్‌లు చాలు. పేదల పరిమితి ఇంతకంటే తక్కువ. ధనికుల పరిమితి ఎక్కువ.

2025లో జపాను ప్రభుత్వం ఈ పరిమితిని పెంచాలని ప్రతిపాదించింది. క్యాన్సరు రోగుల సంఘాలు, ఇతర దీర్ఘరోగులు గట్టిగా నిరసించారు. పరిమితి పెరిగితే చికిత్స మానుకోవలసి వస్తుందని వారు విన్నవించారు. ఆ ఏడాది మార్చిలో ప్రధానమంత్రి ఆ పెంపును నిలిపివేస్తున్నట్లు ప్రకటించారు. కాగితంపై ఒక అంకె మారడమంటే ఎందరి ప్రాణాలకు గండం ఏర్పడడమో ఈ సంఘటన తెలియజేస్తుంది.

నీడలు, చిక్కులు

ఏ విధానమూ దోషరహితం కాదు. 1973లో జపాను దేశమంతటా 70 ఏళ్ళు దాటినవారికి వైద్యం ఉచితం చేసింది. సవౌచి గ్రామంలో మొలిచిన విత్తనం దేశమంతటా మహావృక్షమైంది. అయితే కొంతకాలానికి ఆసుపత్రుల వరండాలు వృద్ధుల కాలక్షేప స్థలాలుగా మారాయని, అవసరం లేని మందులు పెరిగాయని విమర్శలు వచ్చాయి. ఖర్చు పెరిగిపోయింది. 1983లో వృద్ధులు స్వల్ప మొత్తం చెల్లించే పద్ధతి తిరిగి వచ్చింది. ఉద్యోగుల వాటా కూడా క్రమంగా పెరిగి 2003 నాటికి మూడువంతులకు చేరింది.

నేడు జపానులో నూటికి ఇరవైతొమ్మిదిమంది 65 ఏళ్ళు దాటినవారు. పిల్లలు తక్కువగా పుడుతున్నారు. చందా కట్టే చేతులు తగ్గుతున్నాయి. వైద్యం కోరే దేహాలు పెరుగుతున్నాయి. యువతరం భారం గురించి, వృద్ధుల హక్కు గురించి అక్కడ వాదోపవాదాలు నడుస్తున్నాయి. అయినప్పటికీ బీమాను రద్దు చేయాలన్న మాట బలంగా వినిపించదు. 2024లో ఆ దేశపు స్త్రీల సగటు ఆయుర్దాయం 87.13 ఏళ్ళు, పురుషులది 81.09 ఏళ్ళు. దీనికి ఆహారపు అలవాట్లు, పరిశుభ్రత, విద్య వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఆ కారణాలలో బీమాకు కూడా తగిన స్థానం ఉంది.

మన దేశపు ప్రయత్నాలు

జపానులో మూడు నెలలకు మించి నివసించడానికి వచ్చిన విదేశీయులు కూడా ఈ బీమాలో చేరాలి. ఉద్యోగాలకు, చదువులకు అక్కడికి వెళ్ళిన తెలుగువారు కూడా ఇట్లే చందా కట్టి, జపానీయులతో సమానంగా వైద్యం పొందుతున్నారు.

మన దేశంలో ఈ సూత్రం బొత్తిగా లేకపోలేదు. 1948లో చేసిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కింద 1952లో కాన్పూరు, ఢిల్లీ నగరాలలో ఇ.ఎస్.ఐ. పథకం మొదలైంది. నిర్ణీత వేతనం లోపు గల కార్మికునికి జీతాన్ని బట్టి చందా, జబ్బును బట్టి చికిత్స అందులో ఉన్నాయి. 2019 జూలై నుండి కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తున్నారు. జపాను విధానానికి దగ్గరి చుట్టం ఈ పథకమే. కాని వ్యవసాయ కూలీలు, రైతులు, వీధి వ్యాపారులు దీని వెలుపల ఉన్నారు.

అట్టివారిలోని పేదల కొరకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైంది. మొదట అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో అమలై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఖరీదైన శస్త్రచికిత్సల ఖర్చును ప్రభుత్వం భరించడం ఇందులోని విశేషం. 2018లో కేంద్రప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ పేరున పేద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి చికిత్స కల్పించే పథకాన్ని తెచ్చింది. 2024లో 70 ఏళ్ళు, ఆపై వయసు గల వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, దానిని విస్తరింపజేసింది.

ఈ పథకాలకు, జపాను విధానానికి ముఖ్యమైన భేదాలు రెండు. మొదటిది, వీటి ఖర్చు ప్రధానంగా పన్నుల నుండి వస్తుంది. లబ్ధిదారుడు చందా చెల్లించడు. రెండవది, ఇవి ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పుడు ఆదుకుంటాయి. నెలనెలా మధుమేహానికి, రక్తపోటుకు మందులు కొనే ఖర్చు చాలావరకు రోగి జేబు నుండే పోతుంది. రొట్టెల దుకాణదారు దగ్గుకు, జ్వరానికి దొరికిన ఆసరా మన దుకాణదారుకు ఈ పథకాలలో దొరకదు. చిన్న జబ్బును ఖర్చుకు వెరచి నిర్లక్ష్యం చేస్తే అదే పెద్ద జబ్బవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకొనడం కంటే ముందే జాగ్రత్తపడడం మేలు కదా!

ముగింపు

చందా కట్టిన ఏడాది జబ్బు చేయకపోతే ఆ సొమ్ము వృథా అయినదని కొందరు భావిస్తారు. అది సరి కాదు. ఆ సొమ్ము ఎక్కడో ఒక పసికందు శ్వాసగా, ఒక తల్లి కంటిచూపుగా, ఒక కూలివాని కాలి బలంగా మారింది. మరొక ఏడాది మరొకరి చందా మన ఇంటి దీపాన్ని కాపాడుతుంది. మునకతా రైతు బియ్యం కొలిచినప్పుడు తన పొరుగువానికి జబ్బు చేయాలని కోరుకోలేదు. చేస్తే ఒంటరి కారాదని కోరుకున్నాడు. ఆ కోరికను చట్టంగా, హక్కుగా మలచుకోవడం నాగరిక సమాజపు లక్షణం. రోగిని చూసి జాలిపడడం మంచితనం. రోగి చేయి చాపనక్కరలేని ఏర్పాటు చేయడం న్యాయం.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జపాను ఆరోగ్య బీమా విధానంలో సామాన్య రోగికి వైద్యం అందే తీరును వివరించండి.
2. సవౌచి గ్రామ చరిత్ర నుండి గ్రహించవలసిన విషయాలను చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బీమాలో అందరూ చేరవలసిన అవసరం ఏమిటి?
2. 'జోరెయ్' ఆచారానికి, తెలుగు పల్లెలలోని మేర పద్ధతికి గల పోలికను తెలపండి.
3. జపాను విధానానికి, మన దేశపు పథకాలకు గల భేదాలను పేర్కొనండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జపానులో అందరికీ ఆరోగ్య బీమా ఏ సంవత్సరంలో అమలులోకి వచ్చింది?
2. జపాను వైద్య ధరల పట్టికలో ఒక పాయింటు విలువ ఎంత?
3. ఆరోగ్యశ్రీ పథకం మొదట ఏ జిల్లాలలో అమలైంది?